తీర్పు రాకముందే వచ్చిన సినిమా

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఇటలీ నేర చిత్రాల మీద మీరు వేసిన వ్యాసం ఇష్టంగా చదివాను. ఓ నిజమైన బ్యాంకు దోపిడీ మీద కార్లో లిజానీ తీసిన 'బండీతీ అ మిలానో' (మిలాన్‌లో బందిపోట్లు) గురించి 'జరిగింది జరిగినట్టు తీశాడు' అని రాశారు. నా పేచీ అక్కడే. సెషన్స్ కోర్టులో బెంచి గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నా కళ్ళు ముందు తేదీల మీదికే వెళ్తాయి.

1967 సెప్టెంబర్ 25న మిలాన్‌లో పియెత్రో కవల్లెరో ముఠా బ్యాంకు దోచుకుని, కారులో పారిపోతూ నడివీధుల్లో కాల్పులు జరిపింది. దారిన పోయేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముఠాలో ఒకడికి పదిహేడేళ్ళు. కవల్లెరో అక్టోబర్‌లో పట్టుబడ్డాడు. సినిమా 1968 మార్చిలో విడుదలైంది. కోర్టు తీర్పు ఆ జూలైలో! అంటే విచారణ తేలకముందే నటుడు జాన్ మరియా వొలొంతే కవల్లెరో అసలు పేరుతోనే తెర మీద తుపాకీ పట్టాడు.

ఇటలీలో ఇలాంటి కేసులు వినే అస్సైజ్ కోర్టులో ఇద్దరు జడ్జీల పక్కన ఆరుగురు మామూలు పౌరులు కూర్చుంటారు. వాళ్ళూ టికెట్టు కొని సినిమాలు చూసేవాళ్ళే కదా. బోనెక్కిన సాక్షిని 'ఆ రోజు చూసింది ఇతన్నేనా' అని అడిగితే, చూసిన మనిషిని వదిలేసి పేపర్లో పడ్డ ఫొటోను గుర్తు తెచ్చుకోవడం నేను కళ్ళారా చూశాను. ఒక్క ఫొటోకే అలా అయితే, నిండు సినిమా మాటేమిటి?

తీర్పు తప్పని నేను అనడం లేదు. సినిమా గొప్పదే. పట్టుబడ్డ దొంగ మీదికి జనం విరుచుకుపడే మొదటి దృశ్యం, ఒకే రోజు వరసగా బ్యాంకులు కొట్టే పద్ధతి, ఊరంతా తిరిగే ఆ ఛేజింగ్... వీటికి వంక పెట్టలేం. కవల్లెరో గొప్పలకు పోయే మనిషి అని వొలొంతే ఒక్క నవ్వుతో చెప్పేస్తాడు. హీరోను చేయలేదు, అందుకు లిజానీకి దండం పెట్టొచ్చు.

కానీ ఆ తొందరలో సగం కథ జారిపోయింది. యావజ్జీవం పడిందని వినగానే నిందితులు కోర్టు హాల్లోనే కార్మికుల పాట ఎత్తుకున్నారు. వాళ్ళలో సాంతె నొతార్నికోలా జైల్లోనే కవి అయ్యాడు, 2021లో కన్నుమూశాడు. మార్చి నాటికి ఇవేవీ జరగనే లేదు, సినిమాలో ఎలా ఉంటాయి?

ఆ వ్యాసానికి రెండో భాగం ఉందన్నారు. అందులో ఈ మార్చి, జూలై నెలలను పక్కపక్కన వేయండి. 'జరిగింది జరిగినట్టు' అన్న మాట ఉంచాలో తీసేయాలో అప్పుడు చూడండి.

— ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి