మిగిలిపోయిన మందులు ఎక్కడ వేయాలి?

సంపాదకులకు నమస్కారం.

క్లినిక్కులు పర్యావరణానికి మేలు చేసేలా మారాలంటూ మీరు వేసిన కథనం వచ్చి పది రోజులు దాటింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. కథనమంతా మొక్కలు, సోలార్ పలకలు, ఎల్‌ఈడీ బల్బులే. ఫొటోలో కూడా మొక్కకు నీళ్లు పోస్తున్న అధికారులే. అవన్నీ ఉండాల్సినవే, కాదనను. కానీ ప్రపంచంలో వైద్యరంగం వదిలే కాలుష్యం మీద 2019లో వచ్చిన లెక్క చూడండి. మొత్తం కర్బన ఉద్గారాల్లో సుమారు 4.4 శాతం ఈ రంగానిదే, అందులో 71 శాతం దాకా కొనే సరుకు నుంచి, అంటే మందులు, పరికరాలు, ప్లాస్టిక్ సామాను తయారీ, రవాణాల నుంచి వస్తోంది. అలాంటప్పుడు బల్బులు మార్చి ఊరుకుంటే ఎలా? ఏం రాస్తున్నారు, ఎంత రాస్తున్నారు, ఏది వాడకుండానే పారేస్తున్నారు అన్న సంగతి మీ కథనంలో ఒక్క ముక్క లేదు.

మా నాన్నగారు పోయాక ఆయన మందుల అర సర్దాను. సగం వాడిన స్ట్రిప్పులు, సీలు కూడా తీయని సిరప్పు, వేర్వేరు పేర్లతో ఉన్న ఒకే బీపీ మాత్ర, మధ్యలో ఆపేసిన యాంటీబయాటిక్, నాలుగు ఇన్‌హేలర్లు. అట్టపెట్టె నిండింది. ఆయన చూపించుకున్న క్లినిక్కుకే పట్టుకెళ్లి వీటిని ఎక్కడ ఇవ్వాలని అడిగితే, కౌంటర్లో అమ్మాయి లోపలికి వెళ్లి కనుక్కొచ్చి, "టాయిలెట్లో వేసి ఫ్లష్ చేసేయండి ఆంటీ" అంది. ఆ పిల్లను ఏమీ అనను, ఆమెకెవరూ నేర్పలేదు. నేర్పాల్సినవాళ్లను అంటున్నాను. మురుగునీటి శుద్ధి కేంద్రాలు మందులను పూర్తిగా వడకట్టలేవు. యాంటీబయాటిక్ నీళ్లలో కలిస్తే సూక్ష్మక్రిములు దానికి అలవాటు పడతాయి, రేపు మన పిల్లలకు అదే మందు పనిచేయదు. మందు ఒంట్లోకి వెళ్లాక దాని కథ ముగిసిపోదు కూడా. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల్ని చంపుతోందని 2004లో తేలింది. భారత్‌లో పశువైద్యంలో దాన్ని ఆపింది 2006లో, అప్పటికే రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇంత జరిగాక కూడా ఫ్లష్ చేసేయండి అంటే ఏమనుకోవాలి?

ఇన్‌హేలర్ల సంగతి మరీ బాధ. నొక్కితే బుస్సుమని వచ్చే రకంలో మందును బయటికి నెట్టడానికి వాడే వాయువు, ఎక్కువ వాటిల్లో హెచ్‌ఎఫ్‌ఏ-134ఏ, కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 నుంచి 1,500 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. నాన్నగారు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు వస్తే ఇంకా ఉందనేవారు. మందు అయిపోయినా వాయువు మిగులుతుంది, అందుకే ఆ చప్పుడు. అలా మందు లేని డబ్బాను ఆయన ఎన్ని రోజులు పీల్చారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. డోసు లెక్క చూపించే మీటరున్నది రాయాలనో, పొడి రూపంలో ఉండే ఇన్‌హేలర్ ఆయనకు సరిపోతుందేమో చూద్దామనో ఎవరికీ తోచలేదు. పొడి రకం అందరికీ పనికిరాదు, చిన్నపిల్లలకు, ఊపిరి బలంగా పీల్చలేనివాళ్లకు పాతదే కావాలి, డాక్టరును అడగకుండా ఎవరూ మార్చకూడదు. ఆ మాట డాక్టరు మొదలుపెట్టాలిగా!

ఇక చెత్త. మొన్న వేలికి కట్టు మార్పించుకోవడానికి వెళ్తే నర్సమ్మ గాజుగుడ్డ ప్యాకెట్ చింపి, ఆ కాగితాన్ని రక్తపు దూది వేసే డబ్బాలోనే పడేసింది. వెనకే గ్లవ్స్ అట్టపెట్టె కూడా అందులోకే. బీపీ చూడటానికి సైతం గ్లవ్స్ తొడుక్కుని, తీసి పారేసి, తర్వాతి మనిషికి మళ్లీ కొత్తవి. గాయం లేని చర్మం మీద బీపీ చూడటానికి మామూలుగా గ్లవ్స్ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆసుపత్రుల చెత్తలో 85 శాతం మామూలు చెత్తేనని చెప్పిందీ ఆ సంస్థే. రెండూ కలిపేస్తే అంతా ప్రమాదకరమైన చెత్తే అవుతుంది, చెత్త కాల్చే కొలిమికి పోతుంది, పీవీసీ ప్లాస్టిక్ సరిగ్గా కాలకపోతే డయాక్సిన్లనే విషాలు గాల్లో కలుస్తాయి. సూదులు ఒక్కసారే వాడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, శుద్ధి చేసి ఏళ్ల తరబడి వాడిన స్టీలు ట్రేలు, కత్తెరలు ఏమయ్యాయి? అన్నీ ఒక్కసారి వాడి పారేసేవే ఎందుకయ్యాయి?

తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టరులో సంతకాలు చూస్తారు, గోడ మీద పోస్టరుందా అని చూస్తారు, డబ్బా మూత తీసి లోపల ఏముందో మాత్రం చూడరు. శిక్షణ ఎప్పుడిచ్చారని నర్సును అడగరు. ప్రతి ఆఫీసులో ఇదే తంతు, కాగితం సరిగ్గా ఉంటే పని సరిగ్గా ఉన్నట్టే. మన తప్పూ ఉంది. మందుల చీటీ పొడుగ్గా లేకపోతే డాక్టరు సరిగ్గా చూడలేదని అనుకుంటాం, జలుబుకు కూడా యాంటీబయాటిక్ అడుగుతాం.

ప్రతి క్లినిక్కులో, మందుల షాపులో మిగిలిన మందులు, పాత ఇన్‌హేలర్లు వేసే తాళం పెట్టె ఒకటి పెట్టించండి, దాన్ని ఎవరు, ఏ రోజు తీసుకెళ్తారో దాని మీదే రాయించండి. సంబంధిత అధికారులు మీ పత్రికలోనే జవాబివ్వాలి. అప్పటిదాకా నాన్నగారి అట్టపెట్టె మా ఇంట్లో బీరువా పైనే ఉంటుంది, మోరీలో మాత్రం పోయను.

— ఒక పాఠకురాలు