మా రాస్ప్‌బెర్రీ లోఫ్ ఎక్కడ తప్పింది, ఇప్పుడు ఏం మార్చాం

నమస్కారం అండి.

రెండు వారాలుగా రాస్ప్‌బెర్రీ, వైట్ చాక్లెట్ లోఫ్ కేక్‌కి ఆర్డర్లు తీసుకోవడం లేదు. ఎందుకని చాలామంది అడిగారు. కొన్నాళ్లు ఆగమని మాత్రమే చెప్పగలిగాను, అప్పటికి అసలు సంగతి నాకే పూర్తిగా తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఏదీ దాచకుండా రాస్తున్నాను.

మొదట ఒకావిడ తను కోసుకున్న ముక్క ఫొటో పంపారు. పై సగం చక్కగా పొంగి ఉంది. అడుగున మాత్రం వేలెడు మందాన ఎర్రగా, తడిగా, ఉడకని పిండిలా ఒక చార. "ఇది ఇలాగే ఉంటుందా అండి?" అని అడిగారు. ఉండదు, ఉండకూడదు. ఆ రోజే క్షమాపణ చెప్పి ఇంకో కేక్ చేసి ఇచ్చాం. పది రోజులు తిరక్కుండా మరో నలుగురు అదే మాట అన్నారు. అప్పుడిక ఏదో ఒక కేక్ అలా వచ్చిందిలే అని సరిపెట్టుకోలేకపోయాను. ఆర్డర్లు ఆపేసి, నేనూ మా చెల్లీ కూర్చుని, ఈ కేక్‌ని మొదటి నుంచీ మళ్లీ చేసి చూశాం. మొత్తం పద్నాలుగు లోఫులు చేశాం.

తప్పు మేము మిగుల్చుకున్న టైమ్‌లో ఉంది. కొత్తలో ఈ కేకులు రోజుకి మూడో నాలుగో చేసేవాళ్లం. బటర్ మెత్తబడేదాకా ఆగి, పంచదార వేసి, రంగు తేలి నురగలా అయ్యేదాకా ఐదారు నిమిషాలు బీటర్‌తో కొట్టి, గుడ్లు ఒక్కొక్కటే కలిపేవాళ్లం. ఆర్డర్లు రోజుకి పన్నెండుకి చేరేసరికి చేతులు చాలలేదు. బటర్ కరిగించి పోసేస్తే పని తొందరగా తెములుతుందని నేనే నిర్ణయించాను. పిండి మరీ పల్చగా ఉందని చెల్లి రెండు మూడు సార్లు అంది. మొదటి రోజు కేకులు పైకి బాగానే కనిపించాయి, దాంతో ఆమె మాట వినలేదు. వినాల్సింది.

బటర్‌ని పంచదారతో కలిపి కొట్టినప్పుడు పంచదార పలుకులు బటర్‌లోకి లెక్కలేనన్ని చిన్న గాలి బుడగల్ని లాగుతాయి. కేక్ పొంగడానికి బేకింగ్ పౌడర్ ఎంత అవసరమో ఈ బుడగలూ అంతే అవసరం. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు, ఉన్నవాటిని పెద్దవి చేస్తుంది. అలా కొట్టిన పిండి చిక్కగా, గరిటెకి పట్టుకుని వేలాడేలా ఉంటుంది. పండు పిండి కన్నా బరువు, అయినా చిక్కటి పిండి దాన్ని ఎక్కడికక్కడ నిలబెడుతుంది. కరిగించిన బటర్‌తో చేసిన పిండి ధారలా జారుతుంది. ఓవెన్‌లోకి వెళ్లాక ఏ పిండైనా గట్టిపడే ముందు ఒకసారి వేడికి పల్చబడుతుంది. గుడ్లు, మైదా బిగుసుకునేలోపు ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే మా పండ్లన్నీ అడుక్కి చేరిపోయాయి. రాస్ప్‌బెర్రీలో సుమారు 85 శాతం నీళ్లే. అన్నీ ఒకేచోట చేరి రసం వదిలితే చుట్టూ ఉన్న పిండి ఉడకలేక జిగటగా ఉండిపోతుంది. మీరు చూసిన ఎర్ర చార అదే.

పండ్లకి మైదా అద్దితే మునగవని చాలామంది చెబుతారు. అదీ చేసి చూశాం. పల్చటి పిండిలో మైదా అద్దిన పండ్లు, అద్దనివి దాదాపు ఒకేలా మునిగాయి. పండు మీది తడిని మైదా కొంత పీల్చుకుంటుంది, ఆ మేరకు మంచిదే. పండుని నిలబెట్టేది మాత్రం చిక్కటి పిండే.

ఇంకో పొరపాటు ఫ్రీజర్ పండ్లతో జరిగింది. ఫ్రీజర్ పండ్లు వాడటం తప్పేమీ కాదు, ఏడాది పొడుగునా ఒకే రుచి రావాలంటే అవే నమ్మకం. కానీ పండు గడ్డకట్టినప్పుడు లోపలి మంచు పలుకులు దాని కణాల గోడల్ని చీల్చేస్తాయి. అందుకే మంచు కరగగానే రసమంతా బయటికి వచ్చేస్తుంది. పిండి చల్లబడకూడదని మేము రాత్రే బయటికి తీసి కరిగించి వాడాం. ఆ రసమంతా నేరుగా పిండిలోకి వెళ్లింది. ఇప్పుడు పండ్లని గడ్డగా ఉన్నప్పుడే, పిండి టిన్‌లోకి వెళ్లే చివరి నిమిషంలో వేస్తున్నాం. దీనివల్ల కేక్ కాలడానికి ఎనిమిది, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

పండు చుట్టూ నీలంగా, కాస్త ఆకుపచ్చగా మచ్చలు కనిపించాయని ఇద్దరు భయపడ్డారు. అది బూజు కాదు, టెన్షన్ పడకండి. ఎర్ర పండ్లకి రంగునిచ్చే పదార్థాలు పులుపులో ఎర్రగా ఉంటాయి, వంట సోడా తగిలితే నీలం వైపు తిరుగుతాయి. మా పాత కొలతలో చిటికెడు సోడా ఉండేది. దాన్ని తీసేసి బేకింగ్ పౌడర్ ఒక్కటే ఉంచాం, కాస్త పెరుగు కలిపాం. ఇప్పుడు పండు ఎర్రగానే ఉంటోంది, కేక్ కూడా మెత్తగా వస్తోంది.

ఇక వైట్ చాక్లెట్ విషయం. ఇది ఏ ఫొటోలోనూ కనపడదు, నేను చెప్పకపోతే మీకు తెలిసేది కాదు. గత నెలలో ఒక వారం పాటు మేము వాడే వైట్ చాక్లెట్ సమయానికి అందలేదు. ఆర్డర్లు తీసుకుని ఉన్నాం కాబట్టి దాని బదులు కాంపౌండ్ వాడాం. చూడటానికి రెండూ ఒకటే, కరిగించడం కూడా కాంపౌండే తేలిక. కానీ అది వైట్ చాక్లెట్ కాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం వైట్ చాక్లెట్ అనాలంటే కనీసం 20 శాతం కోకో బటర్, 14 శాతం పాల పదార్థం ఉండాలి. కాంపౌండ్‌లో కోకో బటర్ స్థానంలో ఎక్కువగా పామ్ గింజల నూనె లాంటి కొవ్వులు ఉంటాయి. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి 37. అందుకే అసలు చాక్లెట్ నాలుక మీద పెట్టగానే కరిగి జారిపోతుంది. కాంపౌండ్ అలా కరగదు, నోటిలో మైనంలా ఒక పూత మిగుల్చుతుంది. కేక్ పైన పూసే క్రీమ్‌లో, అంటే ఫ్రాస్టింగ్‌లో కూడా వైట్ చాక్లెట్ ఉంటుంది. ఆ వారం కేక్ తీసుకున్న ఒకాయన "ఈసారి ఫ్రాస్టింగ్ అంగిటికి అంటుకుంటోందండీ" అన్నారు. ఆయన నాలుక సరిగ్గానే చెప్పింది. నేను మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచమని సలహా ఇచ్చాను. నిజం తెలిసి కూడా ఆ మాట అన్నందుకు చాలా బాధగా ఉంది. ఆయనకి విడిగా కూడా చెప్పాను. ఇకమీదట వైట్ చాక్లెట్ అందకపోతే ఆ రోజు ఈ కేక్ ఉండదు, అంతే.

కేక్ పైన గోధుమరంగులోకి మారిన చాక్లెట్ ముక్కల్ని మాడాయేమోనని కొందరు తీసి పక్కన పెడుతున్నారు. దయచేసి తినండి. వైట్ చాక్లెట్‌లోని పాల ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి కమిలితే ఆ రంగు వస్తుంది, పాలకోవా లాంటి వాసన వస్తుంది. నా దృష్టిలో కేక్ మొత్తంలో రుచైన ముక్కలు అవే. నల్లగా మారి చేదెక్కితేనే మాడినట్టు.

ఓవెన్ వేడిని 180 డిగ్రీల నుంచి 160కి దించాం. లోఫ్ టిన్ లోతుగా ఉంటుంది, వేడి మధ్యకి చేరడానికి చాలాసేపు పడుతుంది. వేడి ఎక్కువైతే పైన బాగా రంగొచ్చి నడుమ పచ్చిగా ఉండిపోతుంది, బయటికి తీయగానే కుంగిపోతుంది. ఇంతకుముందు పుల్ల గుచ్చి చూసేవాళ్లం. ఈ కేక్‌కి పుల్ల మాట నమ్మకూడదని తెలుసుకున్నాం. అది పండుకి తగిలితే తడిగా వస్తుంది, చాక్లెట్‌కి తగిలితే జిగటగా వస్తుంది, రెండింటి మధ్య నుంచి వెళ్తే శుభ్రంగా వచ్చి మోసం చేస్తుంది. ఇప్పుడు ప్రతి లోఫ్ నడుమ థర్మామీటర్ గుచ్చి 97 డిగ్రీల దగ్గర తీస్తున్నాం.

ఇంట్లో చేసుకుంటామని కొలతలు అడిగినవాళ్ల కోసం ఇక్కడే రాస్తున్నాను, ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. 900 గ్రాముల లోఫ్ టిన్‌కి మెత్తటి బటర్ 175 గ్రాములు, పంచదార 175, గుడ్లు మూడు, మైదా 200, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, పెరుగు 60 గ్రాములు, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. పండ్లు 150 గ్రాములు చాలు, ఎక్కువ వేయాలని ఆశపడకండి. వైట్ చాక్లెట్ 100 గ్రాములు, శనగగింజంత ముక్కలుగా తరిగి వేయండి. గుడ్లు, పెరుగు ఫ్రిజ్ నుంచి ముందే తీసి పెట్టుకోవాలి. చల్లటి గుడ్లు పోస్తే బటర్ గట్టిపడి మిశ్రమం విరిగినట్టు అవుతుంది. అలా అయితే ఒక చెంచా మైదా వేసి కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. మైదా వేశాక బీటర్ వాడకండి, గరిటెతో మెల్లగా కలపండి. పిండిలో మూడో వంతు పండ్లు లేకుండా అడుగున పరిచి, మిగతా దాంట్లో పండ్లు, చాక్లెట్ కలిపి పైన వేయండి. కిందికి దిగినా టిన్ అడుగుకి తగలవు. 160 డిగ్రీల దగ్గర 65 నుంచి 75 నిమిషాలు. నలభై నిమిషాల తర్వాత పైన రంగు ముదురుతుంటే ఫాయిల్ కప్పండి. మొదటి అరగంట ఓవెన్ తలుపు తీయొద్దు.

ఫ్రాస్టింగ్ కోసం క్రీమ్ చీజ్ 150 గ్రాములు, బటర్ 75, వైట్ చాక్లెట్ 100, ఐసింగ్ షుగర్ 50. చాక్లెట్‌ని వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, కింది నీళ్లు పై గిన్నెకి తగలకూడదు. వైట్ చాక్లెట్ చాలా సున్నితం, 45 డిగ్రీలు దాటనివ్వకండి. రెండు చుక్కల నీళ్లు పడినా, గిన్నెలోకి ఆవిరి చేరినా ఇసుక ముద్దలా బిగుసుకుపోతుంది. కరిగాక గోరువెచ్చన కూడా తగ్గేదాకా, అంటే 30 డిగ్రీల దాకా ఆగాలి. బటర్, ఐసింగ్ షుగర్ ముందు బాగా కొట్టి, చాక్లెట్ పోసి, చివర్లో ఫ్రిజ్ చల్లదనం పోయిన క్రీమ్ చీజ్‌ని కొద్దికొద్దిగా కలపాలి. క్రీమ్ చీజ్ చల్లగా ఉంటే చాక్లెట్ పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది. పంచదారని నేరుగా క్రీమ్ చీజ్‌లో వేసి కొడితే అందులోని నీళ్లు ఊరి మొత్తం జారుగా అయిపోతుంది. ఇవన్నీ మా వంటగదిలో జరిగినవే.

కేక్ పూర్తిగా చల్లారాకే ఫ్రాస్టింగ్ వేయాలి. లోఫ్ లోపలి వేడి దిగడానికి కనీసం మూడు గంటలు పడుతుంది. పైన ముట్టుకుంటే చల్లగానే అనిపిస్తుంది, నడుమ వేడి ఉంటుంది. మేము గంటన్నరకే ఫ్రాస్టింగ్ వేసి డబ్బాలో పెట్టేసేవాళ్లం. లోపలి ఆవిరి బయటికి పోలేక తడి ఇంకా పెరిగింది.

అందుకే ఇకపై రోజుకి ఆరు లోఫులే చేస్తాం. ముందు రోజు సాయంత్రం కాల్చి, రాత్రంతా చల్లార్చి, పొద్దున ఫ్రాస్టింగ్ వేసి మధ్యాహ్నానికి ఇస్తాం. ఈ రోజు చెప్పి ఈ రోజే కావాలంటే కుదరదు, రెండు రోజుల ముందు చెప్పండి. పుట్టినరోజులకి చివరి నిమిషంలో అడిగే మీలో కొందరికి ఇది ఇబ్బందే, నాకు తెలుసు. వాళ్లకి పండు లేని సాదా వైట్ చాక్లెట్ లోఫ్ చేసి ఇవ్వగలం, అది త్వరగా చల్లారుతుంది.

కేక్ తీసుకెళ్లాక ఫ్రిజ్‌లో పెట్టండి, క్రీమ్ చీజ్ ఉంది కాబట్టి రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు. తినే ముందు మీకు కావలసిన ముక్కలు మాత్రం కోసి, ముప్పావు గంట బయట పెట్టండి. చల్లదనానికి బటర్ బిగుసుకుని కేక్ గట్టిగా అనిపిస్తుంది, ఆ కాసేపటికే మళ్లీ మెత్తబడుతుంది. చాకుని వేడినీళ్లలో ముంచి తుడిచి కోస్తే ఫ్రాస్టింగ్ చెదరదు. మూడు రోజుల్లో తినేయండి. ఇందులో గోధుమ, గుడ్లు, పాలు ఉన్నాయి, చాక్లెట్‌లో సోయా లెసిథిన్ ఉంది. పడనివాళ్లు గమనించుకోండి.

గత నెలన్నరలో ఈ కేక్ తీసుకుని, అడుగున తడిగా వచ్చినా మొహమాటంతో ఊరుకున్నవాళ్లు ఉంటారు. ఫొటో లేకపోయినా ఫర్వాలేదు, మీ మాట చాలు. కాంపౌండ్ వాడిన వారంలో తీసుకున్నవాళ్లకి మీరు అడక్కపోయినా మేమే ఫోన్ చేస్తున్నాం, ఆర్డర్ల పుస్తకంలో ఆ తేదీలన్నీ ఉన్నాయి. మీ అందరికీ కొత్త లోఫ్ బాకీ ఉన్నాం. సోమవారం నుంచి, ముందు ఫిర్యాదు చేసినవాళ్ల వరసలో, రోజుకి రెండు చొప్పున ఇచ్చుకుంటూ వస్తాం. మిగతా నాలుగు కొత్త ఆర్డర్లకి.