మెరైన్ ట్యాంకులోకి ప్రాణులు చివరగా రావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. సముద్రపు చేపలను, పగడాలను ఇంట్లో పెంచుకోవాలన్న ఉత్సాహం హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా పెరుగుతోంది. గోల్డ్‌ఫిష్, గప్పీలు, ఆస్కార్లతో మొదలుపెట్టినవారిలో కొందరు ఇప్పుడు క్లౌన్‌ఫిష్ జంట కోసం, నీలి వెలుగులో మెరిసే పగడాల కోసం దుకాణాలకు వెళుతున్నారు. ఈ ఉత్సాహాన్ని నేను మనసారా స్వాగతిస్తున్నాను. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో పెరిగే పిల్లలకు సముద్ర జీవుల మీద ప్రేమ కలగడానికి ఇదొక చక్కని మార్గం. అయితే ట్యాంకు, ఉప్పు, రాళ్లు, చేపలు అన్నీ ఒకే సాయంత్రం ఒకే బిల్లు మీద అమ్మి పంపే అలవాటు కొన్ని దుకాణాల్లో ఉంది. అలా వెళ్లిన ప్రాణుల్లో చాలావాటికి కొద్ది రోజుల్లోనే ఆయువు తీరిపోతోంది. మెరైన్ ట్యాంకులో ముందు నీరు పక్వం కావాలనీ, ప్రాణులు ఆఖరున రావాలనీ అమ్మేవారు కొనేవారికి తప్పక చెప్పాలి. అమ్మిన ప్రతి ప్రాణీ ఎక్కడినుంచి వచ్చిందో బిల్లు మీద రాసివ్వాలి. ఈ రెండు విషయాలను పాఠకుల దృష్టికీ, అధికారుల దృష్టికీ తేవాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

మొదటిసారి కదా, చిన్న ట్యాంకు అయితే సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి నీరు తక్కువైన కొద్దీ వేడీ, ఉప్పదనమూ గంటల్లోనే మారిపోతాయి కనుక చిన్న ట్యాంకును నిలబెట్టడమే కష్టం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 190 లీటర్లు పడతాయి. కొత్తవారికి అది తగిన పరిమాణమని నా అభిప్రాయం. నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉంటే నీరే 450 లీటర్లవుతుంది. అద్దం, రాళ్లు, ఇసుక, కింద పెట్టే సంప్ (నీటిని వడకట్టే తొట్టె) కలిపితే బరువు అర టన్ను దాటుతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారు దానిని హాలు మధ్యలో కాక బీము ఉన్న చోట, గోడవారగా పెట్టుకోవడం, పాత భవనమైతే ఇంజనీరును అడిగి పెట్టుకోవడం మంచిది.

నీటి విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన నగరంలో ఎక్కువ పొరపాట్లు అక్కడే మొదలవుతున్నాయి. కుళాయికి వచ్చే కృష్ణా, గోదావరి నీటిలో క్లోరిన్ ఉంటుంది; బోరు నీరు, ట్యాంకర్ నీరు సాధారణంగా గట్టి నీరు. వంటింట్లో ఆర్‌ఓ యంత్రం ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అయితే తాగే నీటికి రుచి ఉండాలని మన ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ పెడతారు. అది కొంత లవణాన్ని తిరిగి నీటిలో కలుపుతుంది. మనకు మంచిదే గానీ, పగడాల ట్యాంకుకు వాడే నీటిలో టీడీఎస్ సున్నాకు దగ్గరగా ఉండాలి. అందుకు ఆర్‌ఓ తరువాత మిగిలిన లవణాలను పీల్చే డీఐ రెసిన్ గొట్టం కూడా అవసరం. అది లేకపోతే నీటితో పాటు వచ్చే ఫాస్ఫేట్లు, సిలికేట్లు నాచును మేపుతాయి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీటిని ఏ కారణంతోనూ ఇందులో పోయరాదు. మనకు ఆరోగ్యమని తాగే ఆ నీటిలోని రాగి కొద్దిపాటిదైనా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. చేపల మచ్చల తెగులుకు దుకాణంలో ఇచ్చే రాగి మందునూ ఇదే కారణంగా వేరే తొట్టెలో మాత్రమే వాడాలి.

వంటింటి రాళ్ల ఉప్పు ఈ పనికి రాదు. ఉప్పు మడుల్లో నీరు ఇంకేటప్పుడు కాల్షియం లవణాలు ముందుగానే పేరుకుని విడిపోతాయి, మెగ్నీషియం చివర మిగిలిన చేదు నీటితో పోతుంది, మనకు దక్కేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. పగడానికి అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం కావాలి. అది లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల వరకు ఉండాలి. కాబట్టి మెరైన్ సాల్ట్ మిక్స్ పేరుతో అమ్మే ఉప్పునే వాడాలి. లీటరుకు 35 గ్రాముల లవణీయత రావాలంటే 190 లీటర్లకు ఏడు కిలోలకు తక్కువ కాకుండా పడుతుంది. ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం కొనుక్కోవాలి. మంచినీటితో పోల్చి చెప్పే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉంటే సరి. సూర్యలంకకో మచిలీపట్నానికో వెళ్లినప్పుడు క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకుందామన్న ఆలోచన మానుకోవాలి. ఒడ్డు దగ్గరి నీటిలో ఏ కాలువ మురుగు, ఏ పడవ నూనె కలిసిందో తెలుసుకునే వీలు మనకు లేదు.

ఇక ఎండ. ఈ ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పై అంతస్తుల్లో రాత్రి కూడా గోడలు సెగ వదులుతూనే ఉంటాయి. నీరు 30 డిగ్రీలు దాటితే అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపల అవసరం పెరుగుతుంది. పగడాలైతే తమ కణజాలంలో నివసిస్తూ తమకు ఆహారం అందించే సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడిపోతాయి. సముద్రంలో జరిగేదీ ఇదే. మన ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతలను గమనిస్తూ అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోని పగడాలకు ముప్పు ఎప్పుడు రాబోతోందో హెచ్చరికలు జారీ చేస్తుంది. 2024 వేసవిలో లక్షద్వీప్ పగడాలు తీవ్రంగా తెల్లబడ్డాయని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ గుర్తించింది. విశాలమైన సముద్రంలోనే ఒకటి రెండు డిగ్రీల పెరుగుదలను వారాల తరబడి తట్టుకోలేని జీవిని రెండు వందల లీటర్ల నీటిలో పెడుతున్నామన్న ఎరుక కొనేవారికి ఉండాలి.

ఎండాకాలంలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదుగా వీచేలా చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక ఆ ఫ్యాన్ల ప్రభావం పడిపోతుంది. ఈ తేడా దుకాణాల్లో ఎవరూ చెప్పరు. పగడాలు పెంచదలచినవారు నీటిని చల్లబరిచే యంత్రమైన చిల్లర్‌కు ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి, అది వదిలే వేడి గాలి బయటికి పోయే చోటు కూడా చూసుకోవాలి. ఫ్యాను పెట్టిన ట్యాంకులో రోజూ నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. అందువల్ల తగ్గిన మేరకు శుద్ధి చేసిన మంచినీటినే పోయాలి. ఉప్పునీరు పోస్తే లవణీయత రోజురోజుకూ పెరిగిపోతుంది. ఈదురు గాలులకు కరెంటు పోయినప్పుడు నీటి కదలిక ఆగి కొన్ని గంటల్లోనే ప్రాణుల మీదికి వస్తుంది. ఇంటి ఇన్వర్టర్ చిల్లర్‌ను మోయలేకపోవచ్చు గానీ నీరు తిప్పే మోటారును, అలలు పుట్టించే వేవ్ మేకర్‌ను మోయగలదు. ఆ రెండింటి ప్లగ్గులనూ ముందే ఇన్వర్టర్ లైనుకు మార్పించుకోవాలి.

ఇన్ని ఏర్పాట్లూ అయ్యాక కూడా చేపలను తేవడానికి సమయం రానట్టే. చేపల విసర్జనలో, మిగిలిపోయిన మేతలో అమ్మోనియా పుడుతుంది. దానిని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా రాళ్ల రంధ్రాల్లో, ఇసుకలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ గడువు పూర్తయ్యేదాకా ట్యాంకులో ఒక్క చేప కూడా ఉండకూడదు. కొద్దిగా మేతనో, కొలిచిన అమ్మోనియానో వేస్తూ టెస్ట్ కిట్‌తో పరీక్షిస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరి, నైట్రేట్ కనిపించిన తరువాతే ట్యాంకు సిద్ధమైందని లెక్క. మంచినీటి ట్యాంకులో ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టి నెట్టుకొచ్చినవారికి ఇది అతి జాగ్రత్తగా తోచవచ్చు. అయితే మెరైన్ ట్యాంకులో పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది, ఆ స్థాయిలో అమ్మోనియాలో విషపూరితమైన భాగం తటస్థ నీటిలో కంటే చాలా ఎక్కువ. చేపలను వేసే ఈ బ్యాక్టీరియాను పెంచవచ్చని, చచ్చిపోతే చవకవే కదా అని డాంసెల్ చేపలను చేతికిచ్చే సలహా నాకు ఎంతమాత్రం అంగీకారం కాదు. అవి కూడా ప్రాణులే. ఈ వారాల్లో రాళ్ల మీద గోధుమ రంగు పొర, ఆపై పచ్చని నాచు వస్తాయి, ట్యాంకు పాడైపోయిందని భయపడి అంతా కడిగేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

సిద్ధమైన ట్యాంకులోకి ముందు నాచు తినే నత్తలు రావచ్చు. ఆ తరువాత ఒక క్లౌన్‌ఫిష్ జంట చాలు. క్లౌన్‌ఫిష్ అన్నీ మొదట మగవిగానే పెరుగుతాయి. రెండు చిన్నవాటిని కలిపి పెడితే వాటిలో బలమైనది పెరిగి ఆడదవుతుంది, కాబట్టి జంట కోసం దుకాణదారు ఎక్కువ ధర అడిగితే ఇవ్వనవసరం లేదు. సముద్రంలో అవి ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే సీ ఎనిమోన్ అనే జీవి వాటికి తప్పనిసరి కూడా కాదు, పైగా ఎనిమోన్ కొత్త ట్యాంకులో బతకడం అరుదు. తరువాత వచ్చే ఒక్కొక్క చేపకూ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి, ప్రతిదానినీ ముందు వేరే క్వారంటైన్ తొట్టెలో ఉంచి చూడాలి. పిల్లలు సినిమాలో చూసి అడిగే బ్లూ టాంగ్ దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది. మూడడుగుల ట్యాంకులో దానిని పెట్టడం అన్యాయం. మాండరిన్ చేప రాళ్ల మీద పుట్టే సూక్ష్మ జీవులను ఏరుకుని తింటుంది, కొత్త ట్యాంకులో అవి ఉండవు గనుక కళ్లముందే ఆకలితో చిక్కిపోతుంది.

పగడాల విషయంలో చట్టం తెలియకపోవడం మరింత ప్రమాదం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సీహార్స్‌లు, సముద్రపు దోసకాయలు కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. 2022 సవరణ తరువాత ఈ షెడ్యూలులోని ప్రాణుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడుతుంది. విదేశీ జాతుల్లో వన్యజీవుల వ్యాపారం మీద ఉన్న సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే జీవులను ఉంచుకునేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. సముద్రం నుంచి తవ్వి తెచ్చిన పగడపు రాయిని లైవ్ రాక్ పేరుతో కొనడం, అలంకారానికని ఎండిన పగడపు కొమ్మలు కొనడం కూడా ఇందులో చిక్కుకునే పనులే. మొదటి ట్యాంకుకు తయారుచేసిన సిరామిక్ రాళ్లు చాలు. బ్యాక్టీరియా వాటి మీదా చక్కగా స్థిరపడుతుంది. రాతి పగడాల జోలికి పోవద్దని, మెత్తని పగడాలనైనా వచ్చిన చోటు తెలిపే పత్రం లేకుండా కొనవద్దని కొత్తవారికి నా విన్నపం.

చేపల విషయంలోనూ పుట్టిన చోటు ముఖ్యమే. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ సముద్రాల్లో సైనైడ్ చల్లి చేపలను మత్తులో పట్టే దుష్ట పద్ధతి ఉంది. అలా పట్టిన చేప దుకాణంలో ఆరోగ్యంగా కనిపించి, ఇంటికి వచ్చాక చనిపోవచ్చు. సైనైడ్ తగిలిన పగడాలు అక్కడే నాశనమవుతాయి. మరోవైపు మన దేశంలోనే విళింజం, మండపం కేంద్రాల్లో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పెంచే విధానాన్ని రూపొందించి శిక్షణ ఇస్తోంది. లక్షద్వీప్‌లోని అగత్తి ద్వీపంలో స్థానిక మహిళలు అలంకార రొయ్యల పెంపకం నేర్చుకున్నారు. హేచరీ చేప తొట్టెలోనే పుట్టింది కనుక గుళికల మేతకు త్వరగా అలవాటు పడుతుంది, సముద్రం నుంచి ఒక్క చేప కూడా తగ్గదు, ఆ డబ్బు మన తీర గ్రామాలకు చేరుతుంది.

జాతీయ మత్స్యాభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం, చేప ఆకారంలో కట్టిన ఆ భవనం, మన నగరంలోనే ఉంది. ఆ మండలి, రాష్ట్ర మత్స్య శాఖ, అటవీ శాఖ కలిసి నిషేధిత జాతుల బొమ్మలతో ఒక తెలుగు, ఉర్దూ కరపత్రం వేసి అక్వేరియం దుకాణాలన్నింటిలో కౌంటర్ దగ్గర అతికించేలా చూడాలని కోరుతున్నాను. జాతి పేరు, హేచరీదా సముద్రం నుంచి పట్టినదా అన్న వివరం, దుకాణానికి వచ్చిన తేదీ, ఈ మూడూ బిల్లు మీద రాయడం వ్యాపారులకు భారం కాదు. తెలియక కొన్న షెడ్యూలు జాతులను ఇప్పటికే ఇంట్లో ఉంచుకున్నవారు ఏ కార్యాలయాన్ని సంప్రదించాలో అటవీ శాఖ స్పష్టంగా ప్రకటించాలి. కేసు భయంతో వాటిని మురుగు కాలువలో పారబోసే పరిస్థితి రాకూడదు. మీ ఆదివారం సంచికలో వేసవి మొదలుకాకముందే ఈ అంశం మీద నిపుణులతో ఒక వ్యాసం రాయించి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్