చిన్నికి నాన్న ఉత్తరం

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

మేం బాగానే చేరాం. అమ్మ నీకు పంపాల్సిన పచ్చళ్ల లెక్క అప్పుడే మొదలుపెట్టింది.

మీ నేపర్‌విల్ పక్కన వీటన్‌లో కాంటినీ పార్కుకి తీసుకెళ్లావు కదా, అమెరికా మొదటి పదాతి డివిజన్ మ్యూజియం. చిన్నోడు బయట ట్యాంకులెక్కి దిగనన్నాడు, నేను లోపల్నుంచి రానన్నాను. వచ్చాక ఆ డివిజన్ గురించి దొరికిందల్లా చదివాను. ఒక తండ్రీకొడుకుల సంగతి మనసులో ఉండిపోయింది.

భుజం మీద ఎర్రటి ఒకటి అంకె వాళ్ల గుర్తు. 1917లో ఏర్పడి, ఆ జూన్‌లోనే ఫ్రాన్స్ చేరారు. 1918 మే 28న కాంటినీ అనే పల్లెను జర్మన్ల నుంచి పట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం చేసిన మొదటి పెద్ద దాడి అదే. అంత చిన్న ఊరి కోసం వాళ్లలో వెయ్యి మందికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ డివిజన్ ఫిరంగి దళంలో పనిచేసిన మెక్‌కార్మిక్ తర్వాత తన ఎస్టేట్‌కు ఆ ఊరి పేరే పెట్టాడు. మనం తిరిగింది అక్కడే.

మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కొడుకు టెడ్ అందులోనే అధికారి. జులైలో స్వాసోన్ దగ్గర గాయపడ్డాడు. అంతకు కొన్ని రోజుల ముందే పైలట్ అయిన తమ్ముడు క్వెంటిన్ విమానం కూలి చనిపోయాడు, ఇరవై ఏళ్లవాడు. మనవాళ్లు చేసినట్టే, మరుసటి ఏడాది పుట్టిన కొడుక్కి టెడ్ ఆ పేరే పెట్టుకున్నాడు.

రెండో యుద్ధానికి ఆ కొడుకూ అదే డివిజన్‌లో చేరాడు. తండ్రి అక్కడే డిప్యూటీ కమాండర్. డివిజన్ ఉత్తర ఆఫ్రికా, సిసిలీల్లో పోరాడింది. 1943 ఆగస్టులో డివిజన్‌లో క్రమశిక్షణ తగ్గిందని పైవాళ్లు కమాండర్ ఆలెన్‌తో పాటు టెడ్‌నూ తప్పించారు. ఆయన ప్రాణం పెట్టుకున్న దళం అది. అది చదివి నాకు చాలా బాధేసింది.

1944 జూన్ 6న కొడుకు పాత డివిజన్‌తో ఫ్రాన్స్‌లో నార్మండీలోని ఒమాహా తీరంలో దిగాడు. డివిజన్‌కి అది చాలా ఘోరమైన రోజు. అదే రోజు యాభై ఆరేళ్ల తండ్రి కీళ్లనొప్పులతో, చేతికర్రతో, వేరే డివిజన్ తొలి పడవల్లో యూటా తీరానికి వెళ్లాడు. కొడుకు ఏమయ్యాడో తెలియకుండా ఆ పగలంతా ఎలా గడిపాడో!

ఇద్దరూ బతికారు. జులై 12న కొడుకు వచ్చి చాలాసేపు మాట్లాడి వెళ్లాడు. ఆ రాత్రే తండ్రి గుండెపోటుతో పోయాడు. గుండె జబ్బు సంగతి సైన్యం డాక్టర్లకు చెప్పకుండా దాచాడట. ఇప్పుడు నార్మండీ శ్మశానంలో ఆయన పక్కనే తమ్ముడి సమాధి ఉంది. 1955లో తెచ్చి అక్కడ పెట్టారు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. మీ దగ్గరున్నప్పుడు మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉండేది. నీకు టెన్షన్ ఎందుకని చెప్పలేదు. అమ్మకి నిన్న చెప్పాను. గురువారం గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. రాత్రికి ఫోన్ చేసి ఆయన చెప్పిందంతా చెబుతాను.

నాన్న