కన్సల్టెంట్లు కండక్టర్లనూ అడగాలి

అయ్యా,

నగర రవాణా ప్రణాళికలకు కన్సల్టెంట్లను పెట్టుకోవడం తప్పేమీ కాదు, ఆ లెక్కలు అందరికీ చేతకావు. కానీ హైదరాబాద్‌కు 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, 2017లో మెట్రో వచ్చినా, రైలు దిగాక ఇల్లు చేరడమే ఇప్పటికీ మాలాంటివాళ్లకు పెద్ద గండం. నేను రోజూ ఉప్పల్‌లో మెట్రో దిగుతాను. రాత్రి 7 గంటలప్పుడు కూరగాయల సంచులతో, చంకలో పిల్లలతో ఆడవాళ్లు బస్సు కోసం రోడ్డు మీదే నిలబడి ఉంటారు. తీరా బస్సు వచ్చేసరికి ఫుట్‌బోర్డు మీద కూడా కాలు పెట్టే చోటుండదు. పగటిపూట సర్వేకి వచ్చేవాళ్లకు ఇది కనబడదు.

2023 డిసెంబర్ 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించే మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ నెల నుంచే ఉచితంగా ప్రయాణించే మహిళలకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ అందులోనే ఉంటాయి. ఇంతకంటే పెద్ద సర్వే ఏం కావాలి? ఇకపై కన్సల్టెంట్లతో చేసుకునే ఏ ఒప్పందంలోనైనా ఈ వివరాలు వాడాలని, డిపోలకు వెళ్లి కండక్టర్లతో, డ్రైవర్లతో కూర్చుని మాట్లాడాలని షరతు పెట్టాలి. నివేదికను తెలుగులో, ఉర్దూలో జనం ముందుంచాలి. అందులో చెప్పిన రూట్లలో ఒకటి రెండైనా మూడు నెలలు బస్సులు నడిపి చూశాకే చివరి బిల్లు చెల్లించాలి.

– ఒక నిత్య ప్రయాణికురాలు, హైదరాబాద్