ఎం.ఏ. ఇంగ్లీషు: ర్యాంకు కన్నా ముందు పాఠ్యప్రణాళిక చూడాలి

సంపాదకులకు నమస్కారాలు.

డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు ముగిసే వేళకు మన పత్రికల చదువుల పేజీలు విశ్వవిద్యాలయాల ర్యాంకులతో నిండిపోతాయి. ఇంజినీరింగు, మేనేజ్‌మెంటు చదవదలచినవారికి వాటివల్ల కొంత ప్రయోజనం ఉంటే ఉండవచ్చు. కానీ హైదరాబాదులో ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో రెండింటిలో, అంటే గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ, తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ (అందరూ హెచ్‌సీయూ, ఇఫ్లూ అనే అంటారు కనుక నేనూ అలాగే రాస్తాను) ఎం.ఏ. ఇంగ్లీషులో సీటు దొరికే అవకాశం ఉన్న విద్యార్థికి ఆ ర్యాంకులు ఏమాత్రం సాయపడవని, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసిన నా అభిప్రాయం. ఏటా ఒకరిద్దరు పూర్వ విద్యార్థులో, వారి తల్లిదండ్రులో ఫోన్ చేసి "సార్, రెంటిలో ఏది పెద్దది?" అని అడుగుతుంటారు. ఏది ఏ పనికి పుట్టిందని అడిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

2016లో మొదటిసారి ర్యాంకులు ప్రకటించిన జాతీయ ర్యాంకింగు వ్యవస్థ కొలిచే అంశాలలో పరిశోధన పత్రాలు, వాటిని ఇతరులు ఉదహరించిన తీరు, పేటెంట్లు, ప్రాజెక్టుల ద్వారా వచ్చిన నిధులు ముఖ్యమైనవి. హెచ్‌సీయూలో భౌతిక, రసాయన, జీవశాస్త్ర విభాగాలు బలమైనవి కాబట్టి ఆ కొలతలో దాని పేరు పైన ఉండడం సహజం. సైన్సు విభాగాలే లేని ఇఫ్లూ ఆ వరుసలో పైన కనిపించకపోవడమూ అంతే సహజం. రసాయన శాస్త్రవేత్తల పత్రాల సంఖ్యను బట్టి మిల్టన్ పాఠం ఎలా చెబుతారో అంచనా వేయడం ఎంత సబబో పాఠకులే ఆలోచించవచ్చు.

ఈ రెండు సంస్థల తేడా అర్థం కావాలంటే అవి పుట్టిన సందర్భాలు తెలియాలి. ఇఫ్లూ 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలైంది. దేశమంతటా పాఠశాలల్లో, కళాశాలల్లో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు ఆధునిక బోధనా పద్ధతులలో శిక్షణ ఇవ్వడం, అందుకు కావలసిన పాఠ్య సామగ్రి తయారుచేయడం దాని తొలి లక్ష్యం. ఆ తొలినాళ్లలోనే దానికి డైరెక్టరుగా పనిచేసిన వి.కె. గోకాక్ కన్నడ కవి, తర్వాతికాలంలో జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నవారు. మాతృభాషలో కవిత్వం రాసే మనిషి ఇంగ్లీషు సంస్థను నడపడంలో నాకు ఒక ఔచిత్యం కనిపిస్తుంది. 1972లో విదేశీ భాషలు చేరి ఆ సంస్థ 'సీఫెల్' అయింది. మా తరం అధ్యాపకులు దాన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. 2007లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. హెచ్‌సీయూ సంగతి వేరు. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా, రాజ్యాంగంలోని 371-ఇ అధికరణం ఆధారంగా, 1974లో ఏర్పడిన సంపూర్ణ విశ్వవిద్యాలయం అది. మొదట్లో సరోజినీ నాయుడు నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలికి తరలింది. అక్కడి ఇంగ్లీషు విభాగం పరిశోధన ప్రధానంగా, సాహిత్య విమర్శ కేంద్రంగా ఎదిగింది. భారతీయ నవలపై విశేష కృషి చేసిన మీనాక్షి ముఖర్జీ వంటివారు అక్కడ బోధించారు.

ఈ పుట్టుక భేదం నేటికీ చదువులో కనిపిస్తుంది. ఇఫ్లూలో ఇంగ్లీషు సాహిత్యం, భాషాశాస్త్రం, ఇంగ్లీషు బోధన వేర్వేరు అధ్యయన శాఖల కింద ఉన్నాయి. ధ్వనిశాస్త్రం అక్కడ ఏదో ఒక పేపరుగా మిగిలిపోదు. మన నోట ఇంగ్లీషు ఎలా పలుకుతుందో, ఎక్కడ ఎదుటివారికి అర్థం కాకుండా పోతుందో శాస్త్రీయంగా పరిశీలించిన దీర్ఘ సంప్రదాయం ఆ సంస్థది. ఉభయ రాష్ట్రాలలోని కళాశాలల్లో పనిచేసిన ఎందరో అధ్యాపకులు ఉద్యోగం చేస్తూనే అక్కడి దూరవిద్య ద్వారా ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్ చేశారు. నేనూ వారిలో ఒకణ్ణి. ఎం.ఏ.లో షేక్‌స్పియర్ నాటకాలు చదివి వచ్చిన నాకు, అరవైమంది ఉన్న తరగతిలో ఒక పేరా ఎలా చదివించాలో, వాక్య నిర్మాణం తెలియని పిల్లవాడి చేత నాలుగు సొంత వాక్యాలు ఎలా రాయించాలో చెప్పింది ఆ కోర్సే.

అయితే, అందుకని ఇఫ్లూ అంటే బోధనా శిక్షణ, హెచ్‌సీయూ అంటే సాహిత్యం అని గీత గీసి ఊరుకోవడం కూడా పొరపాటే. భారతీయ మహిళల రచనలను రెండు సంపుటాలుగా ఇంగ్లీషులో వెలువరించిన ఇద్దరు సంపాదకులలో ఒకరైన సూజీ తారూ సీఫెల్‌లోనే పాఠాలు చెప్పారు. సినిమా, సంస్కృతి అధ్యయనాలకూ ఆ ఆవరణ పేరుపొందింది. నేను చెప్పేదల్లా, ఇఫ్లూలో ఏ ఎం.ఏ. అన్నది దరఖాస్తులోనే తేల్చుకోవాలని. ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా 'ఎం.ఏ. ఇంగ్లీషు లేదా తత్సమానం' అని ఉంటుంది. కాబట్టి చేతికి వచ్చే పట్టాపై ఏ సబ్జెక్టు పేరు ఉంటుందో, దానిని జూనియర్ లెక్చరర్ ఎంపికలో ఆమోదిస్తారో లేదో చేరకముందే కనుక్కోవాలి.

డిగ్రీ కళాశాల అధ్యాపకుల అర్హతను తేల్చే నెట్ పరీక్ష గురించి కూడా ఒక మాట చెప్పాలి. యూజీసీ నెట్‌లో ఇంగ్లీషు పాఠ్యప్రణాళిక పది యూనిట్లు. నాటకం, కవిత్వం, కథ-నవల, కథేతర గద్యం నాలుగు. భాష, బోధన గురించి ఒకటి, భారతదేశంలో ఇంగ్లీషు చరిత్ర గురించి మరొకటి. మిగిలినవి సాంస్కృతిక అధ్యయనాలు, సాహిత్య విమర్శ, రెండవ ప్రపంచ యుద్ధం తర్వాతి సాహిత్య సిద్ధాంతాలు, పరిశోధనా పద్ధతులు. అంటే సాహిత్యమే అధికమైనా, సాహిత్యం మాత్రమే చదివినవారికి రెండు యూనిట్లు కొత్తగా ఉంటాయి. బోధన మాత్రమే చదివినవారికి అంతకు ఎన్నో రెట్లు. భాషాశాస్త్రానికి నెట్‌లో వేరే సబ్జెక్టు ఉంది. డిగ్రీ కళాశాలలో ఉద్యోగం కోరుకునేవారు ఈ పది యూనిట్లను పక్కన పెట్టుకుని రెండు విశ్వవిద్యాలయాల పేపర్ల జాబితాలను పోల్చి చూస్తే, ఏ ర్యాంకూ చెప్పని సంగతులు ఒక్క సాయంత్రంలో తెలుస్తాయి.

చుట్టూ ఏముందన్నదీ చదువులో భాగమే. హెచ్‌సీయూలో తెలుగు, హిందీ, ఉర్దూ శాఖలు, తులనాత్మక సాహిత్య కేంద్రం, అనువాద అధ్యయనాల కేంద్రం, తత్త్వశాస్త్రం, రంగస్థల కళల విభాగం ఒకే ఆవరణలో ఉన్నాయి. తెలుగు కథను ఇంగ్లీషులోకి తేవాలని, లేదా రెండు భాషల సాహిత్యాలను కలిపి చదవాలని ఉన్న విద్యార్థికి ఇంతకన్నా అనువైన చోటు మన ప్రాంతంలో నాకు తెలిసి లేదు. ఇఫ్లూలో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్, అరబిక్, రష్యన్ వంటి భాషలు అందుబాటులో ఉంటాయి. ఇంగ్లీషుతోపాటు మరో విదేశీ భాష గట్టిగా వస్తే హైదరాబాదు కంపెనీలలో అది బతుకుదెరువు అవుతుంది. ఫీజులు రెండుచోట్లా ప్రైవేటు సంస్థలతో పోలిస్తే చాలా తక్కువ, రెండుచోట్లా హాస్టళ్లున్నాయి. ఇక తార్నాకకు మెట్రో ఉంది, గచ్చిబౌలి ఆవరణకు ఇంకా లేదు; ఇది నిర్ణయానికి కారణం కాకూడదు కానీ, అవుతుందని నాకు తెలుసు.

తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ వరకు చదివి, డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకున్న పిల్లల గురించి నాకు ప్రత్యేకమైన ఆందోళన ఉంది. ప్రవేశ పరీక్ష దాటగల తెలివి వారికి ఉంటుంది. మొదటి సెమిస్టరులో సిద్ధాంత వ్యాసాలు చదివి, వాటిపై పది పేజీలు రాయమన్నప్పుడు కుంగిపోతారు. మా కళాశాల నుంచి వెళ్లిన ఒక అమ్మాయి విషయంలో నేనిది చూశాను. ఆమెకు కావలసింది తెలివితేటలపై ఉపన్యాసం కాదు, రాసినదాన్ని వారానికోసారి దిద్ది తిరిగి ఇచ్చే అధ్యాపకుడు. రెండుచోట్లా అటువంటివారు ఉంటారు. ఏ విభాగంలో ఎంతమంది ఉన్నారు, కొత్తగా చేరినవారికి రాత నేర్పే తరగతులు నడుస్తున్నాయా అన్నది ప్రస్తుతం అక్కడ చదువుతున్న విద్యార్థులే చెప్పగలరు. దరఖాస్తు చేసేముందు వారిలో ఇద్దరితోనైనా మాట్లాడాలి. నన్ను బలవంతపెట్టి అడిగితే, బోధనే వృత్తిగా ఎంచుకున్న తెలుగు మాధ్యమం విద్యార్థికి ఇఫ్లూను, పరిశోధనవైపో అనువాదంవైపో మొగ్గిన విద్యార్థికి హెచ్‌సీయూను ముందు పెడతాను.

మీ పత్రికకు నాదొక విన్నపం. వచ్చే ప్రవేశాల సమయానికి, ఇంజినీరింగు కళాశాలలకు కేటాయించే పుటల్లో ఒక్కటి తగ్గించి, ఈ రెండు విశ్వవిద్యాలయాలతోపాటు ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల ఎం.ఏ. ఇంగ్లీషు పేపర్లను, ఐచ్ఛికాలను, పనిచేస్తున్న అధ్యాపకుల సంఖ్యను పక్కపక్కన ప్రచురించండి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులెన్నో కూడా ఆ పట్టికలోనే చేర్చండి.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్ల ఉపన్యాసకుడు,
ఖమ్మం