పాపకు, ఆ పైపు గురించి

పాపా,

ఆదివారం వీడియో కాల్‌లో అల్లుడు బేస్‌మెంట్లో ఇల్లు వేడి చేసే కొత్త గ్యాస్ బాయిలర్ చూపించినప్పుడు నేనేమీ మాట్లాడలేదు, బాగుంది బాగుంది అనేసి ఫోన్ మీ అమ్మకిచ్చాను. ఆయన అంత సంబరంగా, అన్నీ వీడియోలు చూసి నేర్చుకుని సొంతంగా బిగిస్తున్నానని చెప్తుంటే మొహం మీద తప్పు పట్టడం మర్యాద కాదు. అందుకే నీకు రాస్తున్నాను. నాయన తిట్టాడని కాకుండా, నాయన అడిగాడని చెప్పు. పైపులు ఇంకా గమ్ము వేసి అతికించలేదన్నారు కదా, అదే మంచిదైంది.

నేను చూసింది ఆ తెల్ల పొగగొట్టం. బాయిలర్ నుంచి బయటి గోడ దాకా పోయే పైపు మధ్యలో నడుం జారినట్టు కిందికి వంగింది, పైగా గోడ వైపు వాలింది. ఆ వాలు తిరగేసి, బాయిలర్ వైపు ఉండాలి.

ఎందుకో చెప్తాను. మీ అవ్వ పెరట్లో నీళ్లు కాచే రాగి బాయిలర్ గుర్తుందా, మధ్యలో గొట్టం, కింద కంపలు పెట్టి అంటిస్తే పొగ దానంతటదే పైకి పోయేది. వేడి గాలి తేలిక, గొట్టం నిలువు, అంతే కథ. మా ఆయిల్ మిల్లులో చెనిక్కాయ పొట్టుతో కాల్చిన పెద్ద బాయిలర్ కూడా సూత్రం అదే. మీ కొత్తది అలా కాదు. గ్యాస్ కాలినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది, పాత రకాల్లో అది వేడివేడిగా పొగతోపాటు బయటికి పోయేది. ఇది ఆ వేడిని కూడా లాగేసుకుంటుంది కాబట్టి పొగ చల్లబడి, ఆవిరి నీళ్లై పైపులోనే కారుతుంది. ఆ నీళ్లు వెనక్కి, బాయిలర్ వైపు రావాలి, అక్కడి నుంచి ట్రాప్ ద్వారా, అంటే నీళ్లు నిలిచి పొగను ఆపే వంపు గుండా, డ్రెయిన్‌లోకి పోవాలి. అందుకని పైపుకు బాయిలర్ వైపు వాటం పెట్టాలి, మామూలుగా అడుగుకు పావు అంగుళం. వాటం తప్పితే నీళ్లు ఆ వంగిన చోట నిలబడి పొగకు దారి మూసేస్తాయి, లేకపోతే బయటి మూతి దగ్గర గడ్డకడతాయి. అమెరికాలో మీ బఫెలో ఊరి చలి సంగతి నాకేం తెలుసు, 2022లో మంచు ఎట్లా పడిందో టీవీలో చూశానంతే.

ఆ నీళ్లు పుల్లటివి, అంటే యాసిడ్ గుణం. మన వంటింటి కడప బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది చూడు, అట్లాంటిదే. దాన్ని తగ్గించడానికే డ్రెయిన్‌కు ముందు సున్నపురాయి ముక్కల డబ్బా పెడతారు. రేకు గొట్టాలైతే ఈ నీళ్లకు తుప్పుపట్టి చిల్లులు పడతాయి. పాత ఇటుక పొగగొట్టంలోకి దీన్ని వదలకూడదనేది కూడా అందుకే. పీవీసీనా, సీపీవీసీనా, ఏ పైపు వాడాలో మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే, షాపువాడు చెప్పింది కాదు. లోపల నురుగు పొర ఉండే తేలిక పైపును చాలా కంపెనీలు ఒప్పుకోవు. అది చవక కాబట్టే అడుగుతున్నాను, ఆయన ఏది తెచ్చాడో పైపు మీద అచ్చు చదివి చెప్పు.

ఇంకోటి, ఇందులో ఫ్యాను పొగను తోస్తుంది. పాత పొగగొట్టంలో చిన్న సందున్నా గాలి లోపలికే లాగేది, ఇక్కడ జాయింట్ వదులైతే పొగ ఇంట్లోకి వస్తుంది. ప్రైమర్ పూసి, గమ్ము వేసి, పైపు వంగకుండా మాన్యువల్ చెప్పిన దూరానికో హ్యాంగర్. బయట మూతి మంచు మట్టానికి అడుగు పైనైనా ఉండాలి, కిటికీలకు దూరంగా, లోపలికి గాలి పీల్చే పైపుకు మరీ దగ్గరగా కాకుండా. తన పొగ తనే పీలిస్తే మంట చెడుతుంది.

నాకు అసలు నిద్ర పట్టనిది ఇంకొకటి. వాటర్ హీటర్ పాతదేనని, దాని పొగ ఇంకా ఇటుక పొగగొట్టంలోకే పోతుందని ఆయన మాటల్లో అన్నాడు. ఇన్నాళ్లూ పాత బాయిలర్ వేడి దానికి తోడుండేది, ఇప్పుడు అంత పెద్ద గొట్టంలో ఆ చిన్న హీటర్ పొగ ఒక్కటే, చల్లబడిపోయి ఎక్కలేక ఇంట్లోకే దిగొచ్చు. దానికి లోపల లైనర్, అంటే సన్నటి లోపలి గొట్టం, వేయించాల్సి రావచ్చు. తలుపులు, కిటికీలు మూసి, వంటింటి, బాత్రూం ఫ్యాన్లు, డ్రైయర్ అన్నీ వేసి, హీటర్ అయిదు నిమిషాలు మండాక పైన గొడుగులా ఉండే మూత దగ్గర అగరుబత్తి పట్టండి. అగరుబత్తి పొగ ఆ గొట్టంలోకి పోవాలి. గదిలోకి తిరిగితే హీటర్ అప్పుడే ఆపేయండి.

నీకు చెప్పని సంగతి ఒకటి. నువ్వు వెళ్లిన ఏడాది డిసెంబర్‌లో మన బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టించాం. ఫిట్టర్ పొగ పైపు పెట్టలేదు, "గోడకు బొక్క కొడితే టైల్స్ పోతాయి సార్" అన్నాడు. నేనూ సరేనన్నాను. పైగా చలని వెంటిలేటర్‌కు సిమెంటు సంచి కుక్కింది నేనే. వారం రోజులు మీ అమ్మకు తలనొప్పి, వికారం, పైత్యమనుకుని జీలకర్ర కషాయం తాగించాను. తాడిపత్రిలో పిన్ని దగ్గరికి పోతే తగ్గింది, రాగానే మళ్లీ మొదలు. అప్పుడైనా తట్టాలి కదా. ఒకరోజు పొద్దున తలుపు తడితే పలకలేదు, గొళ్లెం ఊడగొట్టి బయటికి లాక్కొచ్చాను. గాలి తగిలాక లేచింది. గీజర్‌లో మంట నీలంగా లేదు, పసుపు తిరిగిపోయింది. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నవాడిని, నా ఇంట్లో నేను చూసుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగుండదు, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది.

కాబట్టి ప్రతి అంతస్తులో, పిల్లోడి గది బయట తప్పకుండా, ఈ కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే సీఓ అలారం పెట్టండి. పర్మిట్ తీసుకోండి, ఇన్‌స్పెక్టర్ చూశాకే వాడుకోండి, పొగను మీటర్‌తో చూసే మనిషిని పిలవండి, వాడికి నాలుగు డాలర్లు పోతే పోనీ. మా మిల్లులో 1923 బాయిలర్ల చట్టం కింద ఏటా ఇన్‌స్పెక్టర్ వస్తే బాయిలర్ ఆర్పి, చల్లార్చి, తలుపులు విప్పి చూపించే వాళ్లం, లోలోపల తిట్టుకుంటూనే.

శనివారం కాల్ చేసినప్పుడు ఆ పైపు మీద రసమట్టం పెట్టి, బుడగ కనపడేలా ఫోన్ దగ్గరగా పట్టు. మీ అమ్మ చెనిక్కాయల పొడి, ఎండుమిర్చి పార్సిల్ చేసింది, సోమవారం పంపుతాను.

మీ నాయన
అనంతపురం